మా వీధి సంఘం వంటసామాన్ల రిజిస్టరుకి డేటాబేస్ ప్రాజెక్టు: ఎక్కడ మొదలెట్టాలి?

పర్లాకిమిడి_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గజపతి జిల్లా. బీటెక్ ఆరో సెమిస్టరు. డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) ప్రాజెక్టుకి ఈసారి మా మేడమ్ ఒక షరతు పెట్టారు. లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాస్పిటల్ మేనేజ్‌మెంటు అంటూ నెట్‌లో దొరికే సరుకు తేవద్దు, ఊళ్లో నిజంగా అవసరమున్నవాళ్లని వెతుక్కుని వాళ్ల పని చేసిపెట్టండి అన్నారు. మేం నలుగురం: నేను, కాశీనగరం నుంచి ఒక ఒడియా మిత్రుడు, గుణుపురం అమ్మాయి, పాతపట్నం నుంచి రోజూ వచ్చిపోయే ఇంకొకడు.

మాకు దొరికిన క్లయింటు మా వీధి సంఘమే. పెళ్లిళ్లకీ, ఒడుగులకీ, కార్తీకంలో వనభోజనాలకీ వంటసామాన్లు అద్దెకిస్తారు. అద్దె నామమాత్రం. గుండిగలు, డేగిసాలు, బానళ్లు, గంగాళాలు, సాంబారు బకెట్లు, గరిటెలు, స్టీలు ప్లేట్లు, గ్లాసులు, జంపకానాలు అన్నీ ఉన్నాయి. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు అనే తేడా లేదు. బోర్డరు అవతల పాతపట్నం, మెళియాపుట్టి నుంచి కూడా ఆటో వేసుకుని వస్తారు.

రిజిస్టరు చూసుకునేది మా వీధి తాతగారు. పొడుగాటి అకౌంటు పుస్తకం. ఒక్కో బుకింగుకి ఒక వరుస: తేదీ, పేరు, ఊరు, సామాన్లు, అడ్వాన్సు. సామాన్ల గడిలో "గుం పె 2 మ 3, బా 1, ప్లే 300" (గుండిగలు పెద్దవి 2, మధ్యవి 3, బానలి 1, ప్లేట్లు 300) అని ఇరికించి రాస్తారు. సామాను తిరిగొస్తే ఎర్రపెన్నుతో ఆ వరుస కొట్టేస్తారు. సగమే వస్తే వచ్చినదాని మీద మాత్రమే గీత. సాయంత్రాలు ఒక ఒడియా అన్న కూర్చుంటాడు. ఆయన వరుసలు ఒడియాలో ఉంటాయి, అంకెలు కూడా ఒడియా అంకెలే. మార్జిన్‌లో "బావగారి పూచీ", "ప్లేట్లు 12 తక్కువ, చూద్దాం", "పెద్ద గుండిగ అట్నుంచి అటే పాతపట్నం" లాంటివి కనిపిస్తాయి. ఈ చివరిదేంటి తాతా అని అడిగితే, ఒక పెళ్లివారి దగ్గర్నుంచి సంఘానికి రాకుండానే ఇంకో పెళ్లివారు తిన్నగా పట్టుకుపోయారట. "ఏటి బాబూ, ఒకే గుండిగని రెండుసార్లు మొయ్యడం దేనికి?" అన్నారు.

ఇంకో సంగతి. పెద్ద పాత్రల మీద దాతల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ దాతల ఇళ్లలో శుభకార్యం వస్తే తమవాళ్ల పేరున్న గుండిగే కావాలంటారు. వేరేది ఇస్తే మాటొస్తుంది.

ఇప్పుడు మా గొడవ. పాతపట్నంవాడు అప్పుడే లాగిన్ స్క్రీను, లోగో తయారుచేసేశాడు. గుణుపురం అమ్మాయి ముందు ఈఆర్ డయాగ్రమ్ (ఏ టేబుళ్లు ఉండాలి, ఒకదానికొకటి ఎలా అతకాలి అని చూపే బొమ్మ) వెయ్యకుండా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దంటుంది. కాశీనగరంవాడు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని క్లౌడ్‌లో, అంటే నెట్ మీది సర్వర్లో పెడదాం అంటాడు. సంఘం ప్రెసిడెంటు మా బాబాయే. ఆయనకి మొబైల్ యాప్ కావాలి, బుక్ చెయ్యగానే వాట్సాప్ మెసేజ్ వెళ్లాలి, క్యూఆర్ కోడ్‌తో డబ్బులు పడాలి. మేడమ్ వచ్చేవారం డయాగ్రమ్ చూపించమన్నారు. నేను వేసినదాంట్లో "సామాను" అనే టేబుల్, దాంట్లో "స్టాకు" అనే కాలమ్. ఇస్తే తగ్గించడం, వస్తే పెంచడం. ఇంత తేలిగ్గా ఉంటే ఎక్కడో ఏదో వదిలేశానేమో అని నాకే అనుమానంగా ఉంది.

ఎక్కడ మొదలెట్టాలి? స్టాకు కాలమ్ సరైనదేనా? బాబాయికి "అవన్నీ కావు" అని ఎలా చెప్పాలి? పెద్దలు చెప్పండి.

---

జయపురం_బావ

దీనికి డేటాబేస్ దేనికయ్యా? గూగుల్ షీటు తెరిచి ఇద్దరికీ లింకు పంపితే అయిపోయింది. తాతగారికి షీటు కూడా రాకపోతే పుస్తకమే ఉంచండి. పుస్తకానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డు మర్చిపోయే బాధ లేదు. మార్కుల కోసమైతే సరే, చెయ్యండి. కానీ నడుస్తున్న పనిని చెడగొట్టకండి.

---

రాయగడ_అన్న

తమ్ముడూ, రాయగడ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఒక సహకార సంఘం లెక్కల సాఫ్ట్‌వేరు చూసుకోవడం నా ఉద్యోగం. జయపురం బావ అన్నదాంట్లో సగం నిజముంది, దానికి తర్వాత వస్తాను. ముందు నీ స్టాకు కాలమ్ సంగతి.

నీ పోస్టులో అన్నిటికన్నా విలువైన మాట "అట్నుంచి అటే పాతపట్నం". మీ మేడమ్ అడిగిన ప్రాజెక్టంతా ఆ మార్జిన్‌లోనే ఉంది. నీ డయాగ్రమ్‌లో ఆ గుండిగని పెట్టి చూడు. మొదటి పెళ్లివారు తిరిగివ్వలేదు, కాబట్టి స్టాకు పెరగలేదు. రెండో పెళ్లివారికి ఇవ్వాలంటే స్టాకు లేదు. తాతగారు కంప్యూటరుతో అబద్ధం చెప్పాలి: ముందు "వచ్చింది" అని కొట్టి, ఆ వెంటనే "ఇచ్చాం" అని కొట్టాలి. ఒకసారి చేస్తారు. రెండోసారి విసుక్కుని పుస్తకం తీస్తారు.

అందుకని స్టాకు అనేది దాచిపెట్టే అంకె కాదు, లెక్కకట్టే అంకె. "కదలిక" అని ఒక టేబుల్ పెట్టు. ఏ సామాను, ఎన్ని, ఎక్కడ్నుంచి, ఎక్కడికి, ఏ తేదీ, ఎవరు రాశారు. సంఘం గదిని కూడా ఒక చోటుగానే చూడు, పెళ్లివారిల్లూ ఒక చోటే. గది నుంచి మొదటివారికి ఒక వరుస. మొదటివారి నుంచి పాతపట్నం వారికి ఒక వరుస. అక్కడ్నుంచి గదికి ఒక వరుస. గదిలో ఇప్పుడు ఎన్నున్నాయంటే లోపలికొచ్చినవి కూడి బయటికెళ్లినవి తీసెయ్యడమే. ఫలానావారి దగ్గర ఏమున్నాయన్నా అదే లెక్క. సొట్టపడి పోయినవాటికీ, పాత ఇత్తడి అమ్మేసినవాటికీ "లెక్కలోంచి తీసినవి" అని ఒక ఉత్తుత్తి చోటు పెట్టుకో.

తాతగారు ఎర్రపెన్నుతో గీత పెడతారు కానీ చెరిపెయ్యరు, గమనించావా? కింద అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. నువ్వూ డిలీట్ బటన్ పెట్టకు. తప్పు పడితే దాన్ని సరిచేసే ఇంకో వరుస రాయించు. ప్లేట్లు 12 తక్కువ అన్న గొడవ ఆర్నెల్ల తర్వాత లేచినప్పుడు ఎవరి చేతిలో తగ్గాయో అప్పుడే తేలుతుంది.

రెండోది, దాతల గుండిగలు. వాటిని లెక్కతో సరిపెట్టలేవు. ఒక్కో పెద్ద పాత్రకి ఒక వరుస ఉండాలి: నంబరు, దాత పేరు, సైజు, ఒక ఫోటో. ప్లేట్లు, గ్లాసులు, గరిటెలు మాత్రం రకానికి ఒక వరుస, పక్కన సంఖ్య. మూడొందల ప్లేట్లకి మూడొందల వరుసలు పెట్టిన టీములు ఉన్నాయి, దాత పేరున్న గుండిగని "గుండిగలు: 5"లో కలిపేసిన టీములూ ఉన్నాయి. నువ్వు రెండూ చెయ్యకు.

"గుం పె 2 మ 3, బా 1, ప్లే 300" అని ఒకే గడిలో ఉన్నది బుకింగు వివరాల టేబుల్లో నాలుగు వరుసలవ్వాలి. డేటాని టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్‌తో పాటు ఎడ్గర్ కాడ్ 1970 పేపరులో చెప్పిన నార్మల్ ఫారం ఇదే, ఒక గడిలో ఒక్క విషయమే ఉండాలి. మీ మేడమ్ బోర్డు మీద చెప్పేదానికి మీ తాతగారి పుస్తకం కన్నా మంచి ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్కులోనూ దొరకదు, వైవాలో అదే చూపించు.

ఇప్పుడు తేదీలు. దీని దగ్గర చాలామంది బోల్తాపడతారు, కాస్త నెమ్మదిగా చదువు. రెండు బుకింగులు ఢీకొంటున్నాయా లేదా అన్నది తేలికే. కొత్తదాని మొదటిరోజు పాతదాని చివరిరోజుకి ముందో అదేరోజో అయి, పాతదాని మొదటిరోజు కొత్తదాని చివరిరోజుకి ముందో అదేరోజో అయితే ఢీకొన్నట్టే. నంబరున్న గుండిగకి ఇది చాలు. ప్లేట్లకి చాలదు. సంఘానికి ప్లేట్లు 500 ఉన్నాయనుకో. ఒకరు 10, 11 తేదీలకి 200 చెప్పారు. ఇంకొకరు 13, 14 తేదీలకి 200. ఇప్పుడు మూడోవారు వచ్చి 10 నుంచి 14 దాకా 300 కావాలన్నారు. ఢీకొన్నవన్నీ కూడితే 400, దానికి 300 కలిపితే 700, లేవని పంపించేస్తుంది నీ ప్రోగ్రామ్. కానీ ఏ ఒక్కరోజు చూసినా బయట ఉండేది 500కి మించదు. ఇవ్వొచ్చు. కాబట్టి రోజు రోజుకీ విడిగా కూడి, అందులో పెద్ద అంకె చూడాలి. తాతగారు ఇది నోటితోనే చెప్పేస్తారు, ఆయన్ని అడిగి సరిచూసుకో. సామాను తోమి తెచ్చే రోజు కూడా బుకింగులో కలుపుతారా అని కూడా అడుగు.

ఎక్కడ మొదలెట్టాలి అన్నావు. పుస్తకంలో బాగా రద్దీగా ఉన్న పేజీ ఒకటి తీసుకోండి, మాఘమాసందో వైశాఖందో. నలుగురూ కూర్చుని, తెల్లకాగితాల మీద టేబుళ్లు గీసుకుని, ఆ పేజీలో ఉన్న ప్రతి వరుసనీ చేత్తో ఎక్కించండి. మార్జిన్‌తో సహా. ఏది ఎక్కడా పట్టకపోతే అక్కడ మీ డయాగ్రమ్‌లో ఒక గడి తక్కువున్నట్టు. లోగో వేసినవాణ్ణి కూడా కూర్చోబెట్టు. గుణుపురం చెల్లెమ్మ చెప్పింది రైటే, కాకపోతే డయాగ్రమ్ ఈ కాగితాల్లోంచి రావాలి.

చిన్నచిన్నవి. "ఊరు" పక్కన "రాష్ట్రం" కాలమ్ పెట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటొచ్చింది, పాతపట్నం అటుండిపోయింది, చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. ఒకే పేరున్న ఊళ్లు రెండు వైపులా తగులుతాయి. ఫోను నంబరు అంకెగా కాకుండా టెక్స్టుగా దాచు, అంకెగా దాస్తే ముందున్న సున్నాలు, ప్లస్‌లు పోతాయి. ఫోను నంబరుని మనిషికి గుర్తుగా మాత్రం పెట్టుకోకు, ఒక్కో వీధిలో ఒకాయన ఫోను మీదే నలుగురు బుక్ చేస్తారు.

---

పర్లాకిమిడి_కుర్రాడు

అన్నా, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ఒక పేజీ పట్టుకుని కూర్చున్నాం. కాగితాలు చాలక పాత క్యాలెండర్ల వెనకాల గీసుకున్నాం. "బావగారి పూచీ" ఎక్కడా పట్టలేదు, బుకింగుకి పూచీదారు అని ఇంకో మనిషిని కలపాల్సి వచ్చింది. తోమి తెచ్చే రోజు కలుపుతారట, ప్లేట్లకి మాత్రం కలపరట, ఎందుకంటే అవి ఎప్పుడూ సగం తోమినవే వస్తాయి, ఇక్కడ మళ్లీ కడిగిస్తారు.

ఇంకో చిక్కు బయటపడింది. ముందు బుకింగులకి తాతగారి జేబులో వేరే చిన్న పుస్తకం ఉంది! దాంట్లో తేదీలు లేవు, తిథులున్నాయి. పెళ్లివారు వచ్చి "వైశాఖ బహుళ పంచమి" అంటారు, ఆయన అదే రాసుకుంటారు. సాయంత్రం అన్న దగ్గరికి వచ్చే ఒడియావాళ్లు కూడా అంతే. డేటాబేస్‌లో తిథి దాచుకుని, పంచాంగం చూసి తేదీ మనమే లెక్కకట్టేలా ప్రోగ్రామ్ రాయాలని మా కాశీనగరంవాడు హుషారుగా ఉన్నాడు. చెయ్యమంటారా?

క్లౌడా, ఇక్కడి కంప్యూటరా అన్నది కూడా తేల్చండి. సంఘం గదిలో పాత డెస్క్‌టాప్ ఒకటుంది. నెట్ బాబాయి ఫోను హాట్‌స్పాట్ మీద నడుస్తుంది, అదీ బాబాయి గదిలో ఉన్నప్పుడు.

---

రాయగడ_అన్న

పంచాంగం జోలికి పోవద్దని కాశీనగరం తమ్ముడికి చెప్పు. అది వేరే ప్రాజెక్టు, సెమిస్టరుకి తేలేది కాదు. పైగా మన సరిహద్దులో దానికో మెలిక ఉంది. మన తెలుగువాళ్ల నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంచాంగంలో పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో ఇద్దరికీ నెల పేరు ఒకటే. బహుళంలో ఒక నెల తేడా వస్తుంది. నువ్వు రాసిన వైశాఖ బహుళ పంచమినే సాయంత్రం అన్న దగ్గరికి వచ్చేవాళ్లు జ్యేష్ఠ కృష్ణ పంచమి అంటారు. రోజు ఒక్కటే, పుస్తకంలో పేర్లు రెండు. ఇద్దరూ ఒకే గుండిగని ఒకే రోజుకి రాసుకున్నారేమో పుస్తకం చూసి ఎవరూ చెప్పలేరు.

జయపురం బావా, పుస్తకం చాలదా అని అడిగావు కదా, ఇక్కడ చాలదు.

చెయ్యాల్సింది చిన్నదే. బుకింగు రాసేటప్పుడు గోడ మీది క్యాలెండరు చూసి ఇంగ్లీషు తేదీ ఎంచుకోవాలి, అది తప్పనిసరి గడి. పక్కన తిథికి ఖాళీగడి ఒకటి ఉంచు, ఎవరేం చెబితే అది అలాగే రాసుకోవడానికి. ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోకూడదు. పెళ్లి అర్ధరాత్రి ముహూర్తమైతే ఏ తేదీ రాయాలని అడుగుతారు చూడు. సామాను గది దాటే తేదీ, తిరిగొచ్చే తేదీ రాయి. ముహూర్తంతో మనకి పనిలేదు.

క్లౌడ్ వద్దు. నెట్ బాబాయి జేబులో ఉంటే క్లౌడ్ కూడా ఆయన జేబులోనే ఉన్నట్టు. ఒక కంప్యూటరు, ఒకసారికి ఒకరే రాస్తారు. ఎస్‌క్యూలైట్ సరిపోతుంది, సర్వరు అక్కర్లేదు, డేటాబేస్ అంతా ఒకే ఫైలు. కరెంటు మధ్యలో పోయినా ట్రాన్సాక్షన్‌లో (పడితే అంతా పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు) పెట్టి రాస్తే సగం రాసిన బుకింగు మిగలదు. రెండు సంగతులు గుర్తుంచుకో. దాంట్లో ఫారిన్ కీ తనిఖీ (ఒక టేబుల్లో రాసిన నంబరు అది చూపించే టేబుల్లో నిజంగా ఉందా అని చూడటం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా అనే ఆదేశంతో ఆన్ చెయ్యాలి. తేదీలకి విడిగా రకమంటూ లేదు, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు వచ్చేలా టెక్స్టుగా రాస్తే వరుసక్రమం దానంతటదే కుదురుతుంది. తెలుగు, ఒడియా అక్షరాలు యూనికోడ్‌లో ఇబ్బంది లేకుండా పడతాయి. మేడమ్ మైఎస్‌క్యూఎల్లే కావాలని పట్టుబడితే క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 పెట్టు, పాత లాటిన్1లో వదిలేస్తే మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, లేదంటే అసలు ఎక్కవు.

ఒడియా అన్నకి సామాన్ల పేర్లు ఒడియాలో కనిపించాలి. సామాను టేబుల్లో పేరుకి రెండు కాలమ్‌లు పెట్టడం కన్నా, పేర్లకి వేరే టేబుల్ పెట్టి భాష అని ఒక గడి ఉంచు. ఫోటో ఎలాగూ ఉంటుంది. అంకెలు తెరమీద ఏ లిపిలో చూపించినా లోపల మాత్రం అంకెలుగానే ఉండాలి.

---

బరంపురం_అక్క

ఆలస్యంగా చూశాను. నేను డిప్లొమా పిల్లలకి ఇవే ప్రాజెక్టులు చేయిస్తుంటాను. టేబుళ్ల సంగతి రాయగడ తమ్ముడు చెప్పేశాడు, నేను మనుషుల సంగతి చెబుతాను.

మీ బాబాయికి "కావు" అని నోటితో చెప్పకు. ఒక్క పేజీ కాగితం రాయి, తెలుగులో. ఈ సెమిస్టరులో చేసేవి: బుకింగు రాయడం, ఫలానా తేదీకి ఏవి ఖాళీ ఉన్నాయో చూడటం, సామాను ఇవ్వడం, తీసుకోవడం, బయటున్నవాటి జాబితా. చెయ్యనివి: మొబైల్ యాప్, వాట్సాప్, క్యూఆర్. చెయ్యనివాటిని కూడా రాయాలి, అదే ఆ కాగితానికి ప్రాణం. కింద ఆయన సంతకం, మీ నలుగురి సంతకాలు. ఇంట్లో బాబాయే కావచ్చు, కాగితం మీద ప్రెసిడెంటుగారు. ఆయన వాట్సాప్ మెసేజ్ అంటున్నది కూడా దేనికో అడిగావా? మా పిల్లలతో ఒక క్లయింటు ఇలాగే పట్టుబడితే తీరా తేలిందేంటంటే, తిరిగివ్వనివాళ్లకి తను ఫోను చేసి అడగడానికి మొహమాటం. బయటున్న సామాన్ల జాబితా ప్రింటు తీసిస్తే సరిపోయింది.

అడ్వాన్సుతో పాటు వాళ్లు ఇంకేం తీసుకుంటున్నారో చూశావా? మా వైపు ఇలాంటి సంఘాల్లో ఆధార్ జిరాక్సు తీసుకుని ఫైల్లో గుచ్చుతారు. మీ దగ్గరా ఉంటే, ఆ నంబరు డేటాబేస్‌లోకి ఎక్కించవద్దు. గుండిగ అద్దెకివ్వడానికి పేరు, ఊరు, ఫోను, పూచీదారు చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పనికి అవసరమైనంతే తీసుకోమంటుంది. పాస్‌వర్డు లేని పాత డెస్క్‌టాప్‌లో ఊరందరి ఆధార్ నంబర్లు ఉన్నాయంటే రేపు ఎవరు జవాబు చెబుతారు?

స్క్రీను మీద మాటలు తాతగారి పుస్తకంలోంచే తీసుకోండి. "నిర్గమన నమోదు" అని పెట్టారనుకో, వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన ఊళ్లోనే ఉండి ఆ పని చేసినట్టవుతుంది. "ఇచ్చాం", "ముట్టింది", "రావాలి". ఈ మూడు బటన్లతో రోజు గడిచిపోతుంది.

పని పంచుకోవడం గురించి. "నువ్వు డేటాబేస్, నేను స్క్రీన్లు, వాడు రిపోర్టు" అని పంచుకుంటే చివరివారంలో ఒకడి ముక్క ఇంకొకడి ముక్కకి అతకదు, వైవాలో పక్కవాడి పని గురించి అడిగితే నోరు పెగలదు. బుకింగు రాయడం ఒకరు మొదట్నుంచి చివరిదాకా, అంటే టేబుల్ నుంచి స్క్రీను దాకా. ఇవ్వడం, ముట్టడం ఇంకొకరు. ఖాళీల లెక్క మూడోవారు, అదే కష్టమైనది, మీలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) బాగా వచ్చినవాళ్లకి ఇవ్వండి. దాతల పాత్రల జాబితా, ఫోటోలు, పరీక్షించడం నాలుగోవారు. ఫోటోలు తియ్యడం చిన్నపని అనుకోకండి. గదిలో పాత్రలన్నీ దించి చూస్తే పుస్తకంలో ఉన్నవి కొన్ని గదిలో ఉండవు, గదిలో ఉన్నవి కొన్ని పుస్తకంలో ఉండవు.

చివరిది. వైశాఖంలో పెళ్లిళ్లు జోరుగా ఉన్నప్పుడు తాతగారి పుస్తకం మూయించి కంప్యూటరు ముందు కూర్చోబెట్టొద్దు. ఆషాఢంలో మన తెలుగువాళ్లకి ముహూర్తాలు ఉండవు, సామాను చాలామటుకు గదికి చేరుతుంది. లెక్కపెట్టి ఎక్కించడానికి, నేర్పడానికి అదే సమయం. శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు మొదలైనప్పుడు కొన్నాళ్లు పుస్తకం, కంప్యూటరు రెండూ నడవాలి.

---

పర్లాకిమిడి_కుర్రాడు

అక్కా, ఆధార్ జిరాక్సులు ఉన్నాయి. పెద్ద కట్ట. బాబాయితో మాట్లాడాను, నంబర్లు ఎక్కించం అన్నాక "మంచిదే, నాకూ అదే భయం" అన్నాడు. కాగితం మీద సంతకం కూడా పెట్టాడు, క్యూఆర్ దగ్గర మాత్రం "వచ్చే ఏడాది" అని తన చేత్తో రాసుకున్నాడు.

ఆషాఢం దగ్గరే చిక్కు. మా సెమిస్టరు అప్పటికి అయిపోతుంది. మార్కులు వచ్చేస్తాయి, మిగతా ముగ్గురూ ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిపోతారు. నేను ఊళ్లోనే ఉంటాను కాబట్టి ఎక్కించడం, నేర్పడం నా మీదే పడుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు. నేను కూడా వెళ్లిపోయాక ఏంటన్నదే భయం.

---

బరంపురం_అక్క

నీకు అప్పుడే భయం పట్టుకుంది, మంచిదే. ఇప్పట్నుంచే సాయంత్రం అన్నని మీ టీములో ఐదోవాడు అనుకోండి. తాతగారికి పని తెలుసు, ఆ అన్నకి ఫోను, కంప్యూటరు వచ్చు, వయసుంది, ఊళ్లో ఉంటాడు. మీ వారపు మీటింగు గదిలో, ఆయన కూర్చునే వేళకే పెట్టుకోండి. బ్యాకప్ ఎలా తియ్యాలో ఆయన చేత చేయించండి, మీరు చేసి చూపించడం కాదు. పెన్‌డ్రైవులు రెండు, ఒకటి గదిలో, ఒకటి బాబాయి ఇంట్లో. ప్రోగ్రామ్ తెరవకపోయినా జాబితాలు చూసుకోవడానికి వారానికోసారి అన్నిటినీ ప్రింటు తీసే బటన్ ఒకటి ఉండాలి. మీరందరూ వెళ్లిపోయి, కంప్యూటరు కూడా చెడిపోయిందనుకో, ఆ చివరి ప్రింటు పట్టుకుని తాతగారు పుస్తకంలో కొనసాగించగలగాలి.

---

జయపురం_బావ

ఆ ప్రింటు బటన్ మాట బాగుంది. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, తిథుల సంగతి చదివాక. మా ఇంట్లోనే మా ఆవిడ ఒడియా, మా అమ్మ తెలుగు. ఏ వ్రతం ఏ నెలదో అని ఏడాదికోసారి పంచాయితీ ఉంటుంది.

---

పర్లాకిమిడి_కుర్రాడు

చివరిగా ఒకటి అడుగుతాను. తాతగారి దగ్గర పాత పుస్తకాలు పెట్టెనిండా ఉన్నాయి, కొన్ని మేం పుట్టకముందువి. మా పాతపట్నంవాడు (లోగో ఆపేసి ఇప్పుడు బాగా పనిచేస్తున్నాడు) అవన్నీ కూడా ఎక్కిద్దాం అంటున్నాడు, డేటా ఎక్కువుంటే ప్రాజెక్టు పెద్దదిగా కనిపిస్తుందని. ఎక్కించాలా?

---

రాయగడ_అన్న

వద్దు. ఆషాఢంలో గదిలో ఉన్నవి లెక్కపెట్టి, "మొదటి లెక్క" అని ఆ తేదీతో కదలిక టేబుల్లో ఒక్కో వరుస వెయ్యి. అప్పటికి బయట ఉండిపోయినవి ఎవరి దగ్గరున్నాయో వాళ్ల పేరు మీద వెయ్యి. జేబు పుస్తకంలో ముందుకి ఉన్న బుకింగులు ఎక్కించు. అంతే. పాత పుస్తకాల్లో దాతల పేర్లు, ఏ పాత్ర ఎప్పుడు వచ్చిందన్న పేజీలుంటే అవి మాత్రం ఫోటో తీసి ఆ పాత్ర వరుసకి తగిలించు. డెమోకి డేటా కావాలంటే మీరు కాగితాల మీద గీసిన ఆ రద్దీ పేజీ ఉందిగా, పేర్లు, ఫోన్లు మార్చి అదే ఎక్కించండి. మేడమ్ ముందు "అట్నుంచి అటే పాతపట్నం" వరుస నడిపించి చూపించు.